వెనక కత్తెర చప్పుడు.. కానీ అక్కడ స్పీకరే లేదు! సరౌండ్ సౌండ్ గుట్టంతా మన రెండు చెవుల మధ్యే..

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓ ఆడియో ప్లే చేస్తారు. కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఎవరో పలకరిస్తారు. ఆ వెంటనే కుడి చెవి వెనక కత్తెర చప్పుడు. కచ్ కచ్‌మంటూ మెడ వెనక నుంచి మెల్లగా ఎడమ చెవి దగ్గరకు వచ్చేస్తుంది. ఒళ్లు ఝల్లుమంటుంది. కొందరైతే చెయ్యి పెట్టి మెడ తడుముకుంటారు కూడా! ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతున్న 'వర్చువల్ బార్బర్ షాప్' ఆడియో ఇది.

గమ్మత్తు ఏంటంటే.. హెడ్‌ఫోన్స్‌లో ఉన్నవి రెండే స్పీకర్లు. ఒకటి కుడి చెవికి, ఒకటి ఎడమ చెవికి. వెనక ఏమీ లేదు. పైన ఏమీ లేదు. మరి ఆ కత్తెర మెడ వెనక్కి ఎలా వెళ్లింది?

థియేటర్‌లో సీలింగ్ నిండా బిగించిన స్పీకర్లు, టీవీ కింద పెట్టే సౌండ్‌బార్, ఫోన్ బాక్స్ మీద కనిపించే డాల్బీ అట్మాస్ లోగో.. వీటన్నిటి వెనకా ఉన్న కిటుకు ఒక్కటే. మన మెదడు శబ్దం ఎటు నుంచి వచ్చిందో లెక్కేసుకునే పద్ధతిని పట్టుకుని, ఆ లెక్కకు కావాల్సిన అంకెలు అందించడం. ఆ పద్ధతి తెలిస్తే వేలకు వేలు పెట్టి కొనే సౌండ్ సిస్టమ్ ఎందుకు పని చేస్తుందో, ఎందుకు చేయదో కూడా తెలిసిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా.. రోడ్డు మీద ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని నడిస్తే మనం ఏం పోగొట్టుకుంటున్నామో అర్థమవుతుంది.

రెండు చెవులు.. మధ్యలో ఒక తల

కళ్లకు దిక్కు తెలియడం తేలిక. ఎడమ పక్కనున్న వస్తువు బొమ్మ రెటీనా మీద ఒక చోట పడుతుంది, కుడి పక్కది ఇంకో చోట పడుతుంది. చెవికి అలాంటి సౌకర్యం లేదు. కర్ణభేరి అంటే ఒక చిన్న పొర. గాలి ఒత్తిడి మారితే ముందుకీ వెనక్కీ కదులుతుంది, అంతే. కుడి నుంచి వచ్చిన హారన్ అయినా, పై నుంచి వచ్చిన కాకి అరుపైనా ఆ పొర చేసే పని ఒకటే. అంటే దిక్కు అనేది చెవిలోకి నేరుగా రాదు. మెదడు దాన్ని లెక్కగట్టాల్సిందే.

ఈ లెక్కను మొదట స్పష్టంగా వివరించింది బ్రిటన్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ. ఆర్గాన్ వాయువును కనిపెట్టినందుకు 1904లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నది ఈయనే. 1907లో ఆయన చెప్పింది సింపుల్‌గా చూద్దాం.

కుడి పక్క నుంచి ఎవరో పిలిచారు అనుకోండి. ఆ శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి చేరాలంటే తల చుట్టూ తిరిగి రావాలి. అదనంగా దాదాపు 22 సెంటీమీటర్ల దారి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ఈ తేడా మహా అయితే 0.65 మిల్లీసెకను. కన్ను ఒక్కసారి ఆర్పి తెరిచే సమయంలో ఇలాంటివి వందలు పట్టేస్తాయి. అది గరిష్ఠ తేడా మాత్రమే. బాగా వినే మనిషి ఇందులో అతి సూక్ష్మమైన తేడాను, అంటే సెకనులో లక్షో వంతును కూడా పసిగట్టగలడని ప్రయోగాల్లో తేలింది. మెదడులోని ఒక్కో నరకణం పంపే సిగ్నలే దాదాపు ఒక మిల్లీసెకను పాటు ఉంటుంది. అందులో వందో వంతు తేడాను పట్టుకుంటోందంటే.. మామూలు విషయమా!

రెండో క్లూ.. శబ్దం స్థాయి. మన తల ఒక అడ్డుగోడ లాంటిది. కీచుమనే సన్నటి శబ్దాలను ఈ గోడ ఆపేస్తుంది. దాంతో అవతలి చెవికి అవి తగ్గి వినిపిస్తాయి. ఈ తేడా ఒక్కోసారి 20 డెసిబెల్స్ వరకూ ఉంటుంది. డప్పు, లారీ ఇంజిన్ లాంటి మందమైన శబ్దాల సంగతి వేరు. వాటి తరంగాలు మన తల కంటే చాలా పొడవు. నీళ్లలో పాతిన కర్రను అల చుట్టేసుకుని వెళ్లిపోయినట్టు, అవి తలను చుట్టేసి వెళ్లిపోతాయి. అక్కడ స్థాయి తేడా దాదాపు ఉండదు. కాబట్టి మందమైన శబ్దాలకు టైమ్ తేడా, సన్నటి శబ్దాలకు స్థాయి తేడా.. ఇలా మెదడు పని పంచుకుంటుంది.

ఈ రెండూ కలిస్తే ఎంత కచ్చితత్వం వస్తుందంటే.. ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ జరిగినా గుర్తుపట్టేయొచ్చు. పది మీటర్ల దూరంలో అది ఒక జానెడు కంటే తక్కువే. అయితే ఇదంతా ముక్కుకు సూటిగా ఉన్న వైపే. పక్కకు వెళ్లే కొద్దీ పట్టు సడలిపోతుంది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, థియేటర్ దగ్గరకు వెళ్లినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

కీచురాయి ఎందుకు దొరకదు?

రాత్రి పూట ఇంట్లోకి దూరిన కీచురాయి ప్రాణం తీస్తుంది. బీరువా వెనక ఉందనిపిస్తుంది. అక్కడికి వెళ్తే కిటికీ దగ్గర అరుస్తున్నట్టు ఉంటుంది. లైట్ వేస్తే ఆగిపోతుంది సరే, చీకట్లో అరుస్తున్నప్పుడు కూడా ఎందుకు దొరకదు?

కీచురాయి అరుపు దాదాపు 4 నుంచి 5 వేల హెర్ట్జ్ దగ్గర, ఒకే సన్నటి స్వరంలో ఉంటుంది. సుమారు 1,500 హెర్ట్జ్ దాటాక ఒక్కో తరంగం టైమ్ తేడాను మెదడు నమ్మలేదు. తరంగాలు అంత వేగంగా వస్తుంటే కుడి చెవిలోని ఏ తరంగం ఎడమ చెవిలోని ఏ తరంగానికి జోడీయో తెలియదు. మిగిలింది స్థాయి తేడా. గది గోడలకు తగిలి వెనక్కొచ్చే శబ్దం ఆ కాస్త క్లూని కూడా చెడగొడుతుంది. అదే తాళాల గుత్తి కింద పడితే.. చీకట్లో కూడా ఎక్కడ పడిందో టక్కున చెప్పేస్తారు. ఎందుకంటే ఆ ఘల్లుమనే చప్పుడులో సన్నవీ మందమైనవీ ఎన్నో స్వరాలు కలిసి ఉంటాయి, పైగా ఠక్కున మొదలవుతుంది. మెదడుకు కావాల్సినంత సమాచారం!

ముందా.. వెనకా? చెప్పేది చెవి డొప్పే

ఇక్కడో చిక్కు ఉంది. సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉన్న శబ్దం రెండు చెవులకూ ఒకేసారి, ఒకే స్థాయిలో చేరుతుంది. తలకు సరిగ్గా వెనక ఉన్నదీ అంతే. నడినెత్తిన ఉన్నదీ అంతే. టైమ్ తేడా సున్నా, స్థాయి తేడా సున్నా. మరి తేడా ఎలా తెలుస్తోంది?

ఇక్కడే చెవి డొప్ప రంగంలోకి దిగుతుంది. చిన్నప్పుడు మాస్టారు మెలిపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు అనిపించే ఆ మెలికల మృదులాస్థి నిజానికి ఓ ఫిల్టర్. పై నుంచి వచ్చిన శబ్దం ఆ మడతలకు ఒక రకంగా తగిలి లోపలికి వెళ్తుంది, వెనక నుంచి వచ్చింది ఇంకో రకంగా. దాంతో కొన్ని సన్నటి స్వరాలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఈ చిన్న చిన్న మార్పులను మెదడు పుట్టినప్పటి నుంచీ చదువుతూ, 'ఈ మార్పు ఉంటే పైన, ఆ మార్పు ఉంటే వెనక' అని నేర్చేసుకుంటుంది.

జర్మనీ శాస్త్రవేత్త జెన్స్ బ్లావర్ట్ 1960ల చివర్లో దీని మీద చేసిన ప్రయోగాలు భలే ఉంటాయి. శబ్దంలో 8 వేల హెర్ట్జ్ పరిసరాల్లోని స్వరాలను మాత్రమే వినిపిస్తే.. స్పీకర్ ఎదురుగా ఉన్నా సరే, వినేవాళ్లకు నెత్తి మీద నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది! వెయ్యి హెర్ట్జ్ దగ్గరివి అయితే వెనక నుంచి వచ్చినట్టు అనిపిస్తాయి. స్పీకర్ జరగలేదు, స్వరం మారింది, దిక్కు మారిపోయింది.

1998లో నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. కొందరి చెవి డొప్పల్లో చిన్న మౌల్డ్‌లు అమర్చి వాటి ఆకారం మార్చేశారు. వెంటనే వాళ్లకు శబ్దం పైనుంచి వస్తోందా, కిందనుంచి వస్తోందా అనేది తెలియకుండా పోయింది. కుడి ఎడమలు మాత్రం దాదాపు మామూలుగానే తెలిశాయి. మౌల్డ్‌లు అలాగే ఉంచుకుని రోజులు గడిపేసరికి.. కొన్ని వారాల్లో కొత్త చెవులతోనే పైనా కిందా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. అసలు ట్విస్ట్ ఏంటంటే, మౌల్డ్‌లు తీసేశాక మళ్లీ తికమక పడలేదు. పాత చెవులతో ఎప్పటిలాగే వినేశారు. కొత్త భాష నేర్చుకున్నా మాతృభాష మర్చిపోనట్టు, మెదడు రెండు చెవుల లెక్కలనూ దాచుకుంది.

దీన్ని ఇంట్లోనే టెస్ట్ చేయొచ్చు. ఒకరు కళ్లు మూసుకుని తల కదపకుండా కూర్చోవాలి. ఇంకొకరు తాళాల గుత్తిని ఎదురుగా ఒకసారి, నెత్తి మీద ఒకసారి, తల వెనక ఒకసారి ఆడించాలి. చాలావరకు సరిగ్గానే చెప్తారు. ఇప్పుడు రెండు చెవుల డొప్పలనూ వేళ్లతో ముందుకు మడిచి పట్టుకుని మళ్లీ ప్రయత్నించండి. పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది, పెద్దవాళ్లు ఓడిపోవడం ఇంకా నచ్చుతుంది.

తల కదపకుండా అని ఎందుకు చెప్పాలంటే.. కదిపితే గుట్టు తెలిసిపోతుంది. శబ్దం ముందు ఉందనుకోండి, తల కుడివైపు తిప్పితే ఎడమ చెవి దానికి దగ్గరవుతుంది. వెనక ఉంటే కుడి చెవి దగ్గరవుతుంది. ఎవరైనా పిలిస్తే తెలియకుండానే తల కాస్త తిప్పుతాం కదా, అది చూడ్డానికి మాత్రమే కాదు, వినడానికి కూడా.

హీరో అటు పక్క.. గొంతు ఇటు పక్క

ఇక సినిమా దగ్గరకు వద్దాం. 1931లో లండన్‌లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజినీర్ భార్యతో కలిసి టాకీ సినిమాకు వెళ్లారట. తెర మీద నటుడు ఒక పక్కన నడుస్తుంటే గొంతు మాత్రం ఇంకెక్కడో ఉన్న ఒకే స్పీకర్ నుంచి వస్తోంది. ఆయనకు చిరాకు వేసింది. మనిషితో పాటు గొంతు కూడా నడిచేలా చేస్తానని భార్యతో చెప్పారని అంటారు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఈరోజు మనం స్టీరియో అంటున్నది అదే. 1942లో రాడార్ పరీక్షల కోసం వెళ్లిన విమానం కూలి బ్లమ్‌లైన్ చనిపోయారు. స్టీరియో రికార్డులు ఇంటింటికీ చేరడం ఆయన చూడలేదు.

స్టీరియో అంటేనే ఓ కనికట్టు. రెండు స్పీకర్లకు మధ్యలో సరిగ్గా కూర్చుంటే పాడేవాళ్లు రెండింటి నడుమ, గాల్లో నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. అక్కడ ఏమీ లేదు. రెండు చెవులకూ ఒకే శబ్దం ఒకేసారి అందింది కాబట్టి 'ఎదురుగా ఉంది' అని మెదడు తీర్మానించేసింది. ఇప్పుడు సోఫాలో కాస్త ఎడమకు జరగండి. ఎడమ స్పీకర్ ఒక అడుగు దగ్గరైనా చాలు.. దాని శబ్దం ఒక మిల్లీసెకను ముందు వస్తుంది. గాయకుడు మొత్తంగా ఎడమ స్పీకర్‌లోకి దూకేస్తాడు.

ముందొచ్చిన శబ్దానిదే దిక్కు.. మెదడు పాటించే పెద్ద రూల్ ఇది. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో దీన్ని కొలిచి చూపించారు. అందుకే దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. ఒకే మాట రెండు స్పీకర్ల నుంచి వస్తోంది, రెండోది 10 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం అనుకుందాం. ఆ రెండోది కొంత గట్టిగా ఉన్నా సరే, మాట మొత్తం మొదటి స్పీకర్ నుంచే వచ్చినట్టు అనిపిస్తుంది. ఈ రూల్ లేకపోతే మన బతుకు గందరగోళమే. గదిలో ఎవరు మాట్లాడినా నాలుగు గోడల నుంచీ, సీలింగ్ నుంచీ ప్రతిధ్వని వస్తూనే ఉంటుంది. మెదడు వాటిని దిక్కు లెక్కలో నుంచి పక్కన పెట్టి, మొదటి శబ్దాన్నే పట్టుకుంటుంది.

థియేటర్ డిజైన్ అంతా ఈ రూల్ చుట్టూనే తిరుగుతుంది. హాల్లో అందరూ మధ్య సీట్లో కూర్చోలేరు కదా. స్టీరియో మాత్రమే ఉంటే చివరి సీటువాళ్లకు డైలాగ్ పక్క స్పీకర్ నుంచి వస్తుంది. అందుకే డైలాగ్ కోసం తెర వెనక మధ్యలో ప్రత్యేకంగా ఒక స్పీకర్ పెట్టారు. తెరకు సన్నటి రంధ్రాలు ఉంటాయి, శబ్దం వాటిలో నుంచే వస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే కనిపిస్తాయి. ఇక వెనక వరుసలో కూర్చున్న వాళ్ల సంగతి? తెర 20 మీటర్ల దూరంలో ఉంటే అక్కడి నుంచి డైలాగ్ రావడానికి దాదాపు 58 మిల్లీసెకన్లు పడుతుంది. గోడ మీది స్పీకర్ మాత్రం పక్కనే ఉంటుంది. అది ముందు మోగితే అందరూ తల అటు తిప్పేస్తారు. అందుకే గోడ స్పీకర్లకు కావాలనే కాస్త ఆలస్యం కలుపుతారు.

మరో సాయం కళ్లు చేస్తాయి. పెదాలు కదులుతున్న చోటే గొంతు ఉందని మెదడు నమ్మేస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి పాడుతున్నా బొమ్మ పాడినట్టే ఉంటుంది కదా, సరిగ్గా అదే. ఫోన్ స్పీకర్ కింద అంచున ఉన్నా, వీడియోలో యాంకర్ నోటి నుంచే మాట వచ్చినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే.

5.1 అనే మాట విన్నారు కదా. 1992లో వచ్చిన 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ రూపంలో థియేటర్లలోకి వచ్చిందిది. అయిదు స్పీకర్లలో మూడు ముందే ఉంటాయి, చుట్టూ ఉండేవి రెండే. లెక్క తప్పిందా? లేదు. చెవికి ముందువైపు ఒక్క డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది, పక్కకు వెళ్తే పట్టు తప్పుతుంది అని ముందే చెప్పుకున్నాం. డబ్బు ఎక్కడ పెడితే చెవికి తెలుస్తుందో అక్కడే పెట్టారు. చివర్లో ఉన్న '.1' అంటే సబ్‌వూఫర్‌కు వెళ్లే చానెల్. 80 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు నాలుగు మీటర్ల పైనే. గది గోడల మధ్య అలాంటి శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవి దాదాపు చెప్పలేదు. కాబట్టి ఒక్క సబ్‌వూఫర్‌ని ఏ మూలన పెట్టినా బాంబు పేలుడు తెర మీదే జరిగినట్టు ఉంటుంది.

2012లో 'బ్రేవ్' సినిమాతో వచ్చిన అట్మాస్ ఇంకో మెట్టు ఎక్కింది. ఫలానా స్పీకర్‌లో ఫలానా శబ్దం అని కాకుండా, 'ఈ హెలికాప్టర్ గదిలో ఈ చోట ఉంది' అని ఫైల్‌లో రాసి పెడతారు. ఏ స్పీకర్లు మోగాలో ఆ హాల్లోని ప్రాసెసర్ లెక్కేసుకుంటుంది. థియేటర్‌లో గరిష్ఠంగా 64 స్పీకర్ అవుట్‌పుట్‌ల వరకూ పంపగలదు. సీలింగ్ స్పీకర్లతో వాన నిజంగా నెత్తి మీద నుంచే కురుస్తుంది. ఇందులో మెదడును మోసం చేయాల్సిన పని తక్కువ, ఎందుకంటే స్పీకర్ నిజంగానే అక్కడ ఉంది.

సౌండ్‌బార్ కొనేముందు సీలింగ్ చూడండి

ఇంట్లో సీన్ వేరు. పైకి చూసే స్పీకర్లున్న సౌండ్‌బార్‌లు శబ్దాన్ని సీలింగ్‌కు కొట్టి, అక్కడి నుంచి మన మీద పడేలా చేస్తాయి. దాంతో పాటు చెవి డొప్ప చేసే మార్పును అనుకరిస్తూ కొన్ని స్వరాలను పెంచి తగ్గిస్తాయి. బ్లావర్ట్ ప్రయోగం గుర్తుందిగా! సీలింగ్ చదునుగా, గట్టిగా, మరీ ఎత్తు కాకుండా ఉంటే ఇది చక్కగా పని చేస్తుంది. పెంకుటిల్లు, ఏటవాలు రేకులు, మధ్యలో గుంటలు డిజైన్లు ఉన్న ఫాల్స్ సీలింగ్ అయితే శబ్దం ఎటో పోతుంది. అలాంటి ఇంట్లో ఆ ఫీచర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బుతో విడి స్పీకర్లున్న మామూలు సెట్ తీసుకుని సరైన చోట పెట్టుకోవడమే మేలు. షాపులో డెమో రూమ్ సీలింగ్‌కూ మీ హాల్ సీలింగ్‌కూ తేడా ఉంటుంది, ఆ సంగతి సేల్స్‌మన్ చెప్పడు.

ఫోన్‌లో ఎలా సాధ్యం?

ఫోన్ అడ్డంగా పట్టుకుంటే రెండు స్పీకర్ల మధ్య దూరం ఒక జానెడు కూడా ఉండదు. అంతటి చిన్న దూరంలో సౌండ్ పక్కలకు విస్తరించినట్టు ఎలా వస్తుంది?

ఇబ్బంది ఏంటంటే, ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికి కూడా వెళ్తుంది. దాన్ని అక్కడ రద్దు చేస్తే? సరిగ్గా ఆ శబ్దానికి తలకిందులైన శబ్దాన్ని కుడి స్పీకర్ నుంచి పంపితే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఈ ఐడియాను 1960ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పని చేసి చూపించిన ఇద్దరిలో ఒకరు మనవాడే.. కాన్పూర్‌లో పుట్టి, బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివిన బిష్ణు అటల్. రెండో వ్యక్తి జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. మొబైల్ కాల్స్‌లో గొంతును కుదించి పంపే టెక్నాలజీకి పునాది వేసిన వారిలోనూ అటల్ ఒకరు. అంటే ఫోన్‌లో మాట్లాడినా, సరౌండ్ వీడియో చూసినా ఆయన పని చేతిలో ఉన్నట్టే. కాకపోతే ఈ కిటుకుకు ఒక షరతు.. తల సరిగ్గా ఫోన్‌కు మధ్యలో ఉండాలి. పక్కకు జరిగితే అంతే సంగతులు.

హెడ్‌ఫోన్స్‌లో ఆ బెడద లేదు, ఏ చెవి శబ్దం ఆ చెవికే. మనిషి తల ఆకారంలో బొమ్మ చేసి, దాని చెవుల్లో మైకులు పెట్టి రికార్డ్ చేస్తే టైమ్ తేడా, స్థాయి తేడా, డొప్ప మార్పులు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. అదే మార్పులను కంప్యూటర్‌లో లెక్కగట్టి శబ్దానికి కలిపినా ఫలితం అదే. బార్బర్ షాప్ కత్తెర మెడ వెనక్కి వెళ్లిన కథ ఇదే.

మరి '8డీ ఆడియో' అంటూ వాట్సాప్‌లో వచ్చేవి? 'హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, మెదడుతో వింటారు' అని ఫార్వర్డ్ చేస్తుంటారు. అందులో ఎనిమిది డైమెన్షన్లు ఏమీ లేవు. చాలావరకు మామూలు పాటనే కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పుతూ, కాస్త ప్రతిధ్వని కలిపినవే. వినడానికి సరదాగా ఉంటే వినొచ్చు. ఆ మాటకొస్తే ప్రతి శబ్దాన్నీ మనం మెదడుతోనే వింటాం!

హెడ్‌ఫోన్ సరౌండ్ ఒకరికి అద్భుతం అనిపిస్తే పక్కవారికి 'ఏముంది ఇందులో' అనిపించడానికి కూడా కారణం ఉంది. రికార్డింగ్‌లో ఉన్నది ఎవరిదో చెవి డొప్ప. మన మెదడు నేర్చుకున్నది మన డొప్ప లెక్క. వేరేవాళ్ల కళ్లజోడు పెట్టుకున్నట్టు ఉంటుంది. ముఖ్యంగా ఎదురుగా ఉండాల్సిన శబ్దం వెనక నుంచో, తల లోపల నుంచో వచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే 2022లో ఐఓఎస్ 16తో యాపిల్ కొత్త ఆప్షన్ ఇచ్చింది. ఐఫోన్ కెమెరాతో చెవులను స్కాన్ చేస్తే దానికి తగ్గట్టు స్పేషియల్ ఆడియో సెట్ అవుతుంది. సోనీ కూడా తన 360 రియాలిటీ ఆడియో కోసం చెవి ఫొటోలు తీయమంటుంది. కొన్ని ఇయర్‌బడ్స్‌లో సెన్సర్లు ఉండి, తల తిప్పితే శబ్దం మాత్రం స్క్రీన్ దగ్గరే నిలిచేలా చేస్తాయి. తల తిప్పి ముందూ వెనకా తేల్చుకునే మన పాత అలవాటును అవి వాడుకుంటున్నాయన్నమాట.

ఒక చెవి లేకపోతే..

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా వినోదం. కానీ దిక్కు లెక్క పుట్టింది సినిమా కోసం కాదు, బతకడం కోసం. ఆ లెక్కకు రెండు చెవులూ కావాలి.

ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని రోడ్డు దాటేవాళ్లు 'ఇంకో చెవి ఖాళీగానే ఉంది, హారన్ వినిపిస్తుంది' అంటారు. నిజమే, వినిపిస్తుంది. కానీ ఎటు నుంచో తెలియదు. టైమ్ తేడా పోయింది, స్థాయి తేడా పోయింది. మెదడు తప్పు లెక్క వేసి, ఖాళీగా ఉన్న చెవి వైపే బండి ఉందనుకుంటుంది. అటు చూస్తూ ఇటు అడుగేస్తారు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు చెవి డొప్ప ఎలాగూ కప్పుకుపోతుంది. హెల్మెట్ తప్పనిసరి, దానిలోపల ఇయర్‌ఫోన్ మాత్రం అస్సలు వద్దు.

ఒక చెవి వినికిడి పోయిన వాళ్లకు ఇది రోజూ ఉండే సమస్య. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఒక చెవి పోయినవాళ్లు కూడా ఉంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాళ్లు మామూలుగానే మాట్లాడతారు, ఎదుటివాళ్లకు అనుమానం కూడా రాదు. అదే పెళ్లి భోజనాల దగ్గర.. మైక్, బ్యాండ్, పక్క బంతి కబుర్లు, గిన్నెల చప్పుడు. రెండు చెవులున్నవాళ్లు దిక్కును పట్టుకుని ఎదుటి మనిషి మాటను ఆ గోలలో నుంచి వేరు చేసుకుంటారు. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త దీన్నే కాక్‌టెయిల్ పార్టీ సమస్య అన్నారు, మన దగ్గరైతే పెళ్లి భోజనం సమస్య అనాలి. ఒక చెవితో అది చాలా కష్టం. పిలిస్తే పలకలేదని, పొగరని చుట్టాలు అనుకుంటారు. బడిలో వెనక బెంచీ పిల్లవాడికైతే పరధ్యానం అని పేరు పడుతుంది.

పెద్ద శబ్దాలతో చెవులను పాడు చేసుకునేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. ఇయర్‌ఫోన్స్ మోతకు మొదట దెబ్బతినేది సన్నటి స్వరాలు వినే భాగం. డొప్ప క్లూలు ఉండేది సరిగ్గా ఆ స్వరాల్లోనే. అంటే మాటలు వినిపిస్తూనే ఉంటాయి, ముందా వెనకా, పైనా కిందా అనే పట్టు జారిపోతుంది. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలు.. అంతకు మించితే ముప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వినికిడి ముప్పున్న యువత ప్రపంచంలో 100 కోట్లకు పైనే ఉన్నారన్నది ఆ సంస్థ అంచనా. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్ వాల్యూమ్‌కు లిమిట్ పెట్టే ఆప్షన్ ఉంటుంది. ఒకసారి సెట్ చేస్తే చాలు.

మరో ముఖ్యమైన విషయం. పొద్దున లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే, గుబిలి అయి ఉంటుందిలే అని నూనె చుక్కలు వేసుకుని వారాలు ఆగొద్దు. గుబిలి కావచ్చు, కాకపోవచ్చు. లోపలి చెవి దెబ్బతిని ఇలా జరిగితే దాన్ని ఎమర్జెన్సీగా చూస్తారు. వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మొదటి రెండు వారాల్లోపు మందులు మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

ఇప్పటికే ఒక చెవితో వింటున్నవాళ్లకు ఫోన్‌లోనే ఓ చిన్న సాయం ఉంది. స్టీరియోలో ఎడమకు పంపిన డైలాగులు, వాయిద్యాలు కుడి చెవి మాత్రమే పనిచేసే మనిషికి అసలు చేరవు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే 'మోనో ఆడియో' అని కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ ఉంది. అది ఆన్ చేస్తే రెండు వైపుల శబ్దమూ కలిసి ఒకే చెవికి వస్తుంది.